కదిలితే చెల్లదు

మా బళ్లో పిల్లలు పరుగెత్తడం మానేసిన ఏడాదే మాకు జిల్లాలో ఉత్తమ క్రీడా పాఠశాల షీల్డు వచ్చింది. ఈ రెండింటికీ సంబంధం లేదనుకునేవారు ఎవరైనా ఉంటే, ఆ సంబంధం కలిపినవాణ్ణి నేనేనని మనవి చేసుకుంటున్నాను. నా పేరు సూరిబాబు. సముద్రానికి సరిగ్గా రెండు కిలోమీటర్ల ఇవతల ఉన్న ఒక హైస్కూల్లో వ్యాయామోపాధ్యాయుణ్ణి. పిల్లలు డ్రిల్లు మాస్టారంటారు.

వ్యాయామోపాధ్యాయుడంటే ఏం చేస్తాడో తెలియనివారి కోసం చెబుతాను. పొద్దున్నే గంట కొట్టిస్తాడు. ప్రార్థనలో వరసలు సరిచేస్తాడు. సెలవు పెట్టిన లెక్కల మాస్టారి క్లాసులో పిల్లలు అల్లరి చెయ్యకుండా కూర్చుంటాడు. మధ్యాహ్నం వ్యానులోంచి కోడిగుడ్లు దింపించుకుంటాడు. సాయంత్రం గేటు దగ్గర సైకిళ్లని అదిలిస్తాడు. పదకొండేళ్లుగా ఈ వ్యాయామమే చేసి చేసి నాకు పొట్ట వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కున్న తెల్ల కాన్వాసు బూట్లు ఆటసామాన్ల గదిలో విరిగిన క్యారమ్ బోర్డు కింద పడి ఉండేవి. వాటి పక్కనే ఒకసారి పిల్లి ఈనింది కూడా.

ఇలా హాయిగా సాగుతున్న రోజుల్లో, జులై నెలలో, పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. 'బాలబాలికలలో శారీరక చైతన్యమును సమగ్రముగా పెంపొందించు నిమిత్తము కదలిక అను పథకము ప్రవేశపెట్టబడినది. ప్రతి విద్యార్థి ఆడుచుండగా ప్రతిదినము ఒక ఫోటో తీసి కదలిక యాప్‌నందు నమోదు చేయవలెను. ఫోటో లేని ఆట, ఆటగా పరిగణింపబడదు.' ఉత్తర్వుతో పాటు ఒక ట్యాబ్ కూడా వచ్చింది.

మా హెడ్మాస్టారు సన్యాసినాయుడు గారు ఉత్తర్వుని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన మంచివారు. పై అధికారులు ఏం చెప్పినా కాదనరు, కింద మేము ఏం చెప్పినా కాదనరు. మధ్యలో ఆయన రక్తపోటు మాత్రం కాదంటూ ఉంటుంది.

"సూరిబాబు గారూ, ఇది మీ డిపార్ట్‌మెంటే. మొదలుపెట్టండి," అన్నారు.

మర్నాడే మొదలుపెట్టాను. యాప్ తెరిస్తే తెర మీద ఒక గుండ్రటి గీత వస్తుంది. పిల్లవాడి మొహం ఆ గుండ్రంలో తొమ్మిది సెకండ్లు నిలిచి ఉండాలి. అప్పుడు పచ్చటి అక్షరాలతో 'చెల్లింది' అని వస్తుంది. మొహం గుండ్రం దాటిందా, ఎర్రటి అక్షరాలు వస్తాయి. 'చిత్రం కదిలింది. చెల్లదు.'

ఆ రోజు నూట నలభైమంది పిల్లలు ఆడారు. మూడు ఫోటోలు చెల్లాయి. ఒకటి, కాలు బెణికి అరుగు మీద కూర్చున్నవాడిది. రెండోది, బంతి ఎప్పుడూ రాని వైపు నిలబెట్టిన గోల్‌కీపరుది. మూడోది, ఎలా సాగుతోందో చూద్దామని వచ్చిన హెడ్మాస్టారిది. ఆయన ఆ రోజుకి తొమ్మిదో తరగతి బి సెక్షను విద్యార్థిగా నమోదయ్యారు.

మేము పైకి రాశాం. వారం తిరిగేసరికి జిల్లా కదలిక సమన్వయాధికారి వేదాచలం గారు వీడియో సమావేశం పెట్టారు. ఆయన మాట్లాడితే అచ్చయిన ఉత్తర్వు చదువుతున్నట్టే ఉంటుంది. దగ్గు వచ్చినా పేరా పూర్తయ్యాకే దగ్గుతారు.

"యాప్‌నందు ఎట్టి లోపమూ లేదు. లోపము క్షేత్రస్థాయిలో ఉన్నది. పిల్లలు క్రమశిక్షణ లేకుండా ఇష్టానుసారం కదులుచున్నారు. ఆటలాడు సమయమందు ఇట్టి కదలికలను అరికట్టవలసిన బాధ్యత వ్యాయామోపాధ్యాయులదే," అన్నారు.

హెడ్మాస్టారు నా వైపు చూశారు. నేను ట్యాబ్ వైపు చూశాను. అరికట్టాను.

అది అంత కష్టమైన పని కాదని వెంటనే తేలింది. పరుగుపందెం కావాలంటే, ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి, పిడికిళ్లు బిగించి, పళ్లు కనబడేట్టు నోరు తెరిచి, తొమ్మిది సెకండ్లు అలాగే ఉండాలి. ఫుట్‌బాల్‌కి బంతిని ఇటుక మీద పెట్టి దాని పక్కన కాలెత్తి నిలబడాలి. తాడాటకి తాడు పనికిరాదు, వేలాడిపోతుంది. అందుకని దండెం తీగ వంచి నెత్తి మీదుగా పట్టించాను. కబడ్డీ అన్నిటికంటే బాగా కుదిరింది. పట్టుకున్నవాళ్లూ కదలరు, పట్టుబడ్డవాడూ కదలడు. కూత పెట్టేవాడికి మాత్రం ఊపిరి బిగబట్టి కళ్లు తేలేసే పరిస్థితి వచ్చేది. తర్వాత్తర్వాత కూత కూడా తీసేశాం.

ఆగస్టు నాటికి మా బడి నూటికి తొంభైతొమ్మిది తెచ్చుకుంది. చుట్టుపక్కల బళ్ల డ్రిల్లు మాస్టార్లు నేర్చుకోవడానికి వచ్చారు. సెప్టెంబరులో మండల స్థాయి పోటీలు పెట్టారు. నాలుగువందల మీటర్ల పరుగులో మా తొమ్మిదో తరగతి కుర్రాడు గీత దగ్గర పదిహేడు నిమిషాలు పరుగెత్తే భంగిమలో నిలబడి మొదటి బహుమతి పట్టుకొచ్చాడు. పక్క బడి పిల్లాడు పదహారో నిమిషంలో ముక్కు మీద ఈగ వాలి తుమ్మాడు. అనవసర చలనం కింద అతన్ని తీసేశారు. ఆ ఈగ మీదనే అప్పీలు పెట్టారట, ఏమైందో తెలియదు. అక్టోబరులో షీల్డు వచ్చింది.

మిగిలిన ఆ ఒక్క శాతం పేరు నూకరత్నం.

ఎనిమిదో తరగతి. బడికి పడమటగా రెండు కిలోమీటర్ల అవతల ఉంటుంది వాళ్ల ఊరు. తల్లి ఎర్రయ్యమ్మ జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. తల్లి తెల్లారే పనిలోకి పోతే ఈ పిల్ల మేకలకి మండలు వేసి, తమ్ముడికి తల దువ్వి, మా మొదటి గంట వినబడ్డాక బయల్దేరుతుంది. రెండో గంటకి ప్రార్థన వరసలో ఉంటుంది. రెండు గంటలకీ మధ్య పది నిమిషాలు. చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తుకొస్తుంది, అరిగిపోతాయని. వరసలో నిలబడ్డాక కూడా కాలి వేళ్లు ఆడుతూనే ఉంటాయి.

ఈ పిల్లని తొమ్మిది సెకండ్లు ఆపడం నా వల్ల కాలేదు. మూడో సెకనుకి నవ్వుతుంది. నాలుగో సెకనుకి కాలు దురద. ఐదో సెకనుకి "అయిందాండీ?" అని ట్యాబ్ దగ్గరికే వచ్చేస్తుంది. జులై నుంచి నవంబరు దాకా ఒక్క ఫోటో చెల్లలేదు. యాప్ లెక్కలో ఆ పిల్ల ఐదు నెలలుగా ఒక్కరోజు కూడా ఆడలేదు. దాంతో 'వ్యాయామ విముఖ విద్యార్థులు' అనే జాబితాలోకి ఎక్కింది. మా బడికి ఆ జాబితాలో ఒక్కటే పేరు. ఎర్రటి అక్షరాల్లో.

వ్యాయామ విముఖులకి ఆరోగ్య విద్య కింద ఒక కరపత్రం ఇవ్వాలి. దాని మీద తల్లి చేత సంతకం పెట్టించాలి. నూకరత్నానికిచ్చి పంపాను. మర్నాడు ఎర్రయ్యమ్మ సంతకం పెట్టకుండా తనే వచ్చింది. జీడి పాలకి నల్లబడిన వేళ్లతో కాగితం నా బల్ల మీద పెట్టింది.

"ఏటండి మాస్టారూ ఇది? మా గుంటకి ఒళ్లు బద్దకమని రాసినారంట. నాకు సదువు రాదు. మీరే సదివి సెప్పండి."

చదివాను. ఏం చెయ్యను, చదివాను. 'మీ చిన్నారి రోజులో ఎక్కువ సమయం సోఫాలో గడుపుచున్నట్లు గుర్తించబడినది. పిజ్జా, కేకులు తగ్గించండి. దగ్గర దూరాలకు కారు వాడకుండా నడిపించండి.'

ఎర్రయ్యమ్మ కాగితం వెనక్కి తీసుకుని మడిచింది. తర్వాత నెమ్మదిగా అంది.

"మా ఇంట్లో సోపా నేదు బాబూ. నులక మంచం ఒకటుంది, దాని మీద మా అత్త పడుకుంటాది. ఆ కారేదో మీరు సూసినారేటి? రోజూ పరిగెట్టి పరిగెట్టి నా పిల్ల అరికాళ్లు సూడండి ఎలగున్నాయో. దాన్నట్టుకుని బద్దకమంటారా? పరిగెట్టీవోళ్లకి పెద్ద బడుందంట కదా, దాన్లో ఏస్తారని అది రోజులు లెక్కెట్టుకుంటంది. నాను దానికేటి సెప్పాలి?"

నాకు సిగ్గేసింది. అది దాచుకోవలసిన సంగతేమీ కాదు. ఆ పెద్ద బడి సంగతి ఆ పిల్లకి చెప్పింది నేనే. రాష్ట్ర క్రీడా పాఠశాల. ఎనిమిదో తరగతి పిల్లల్నే తీసుకుంటారు, వచ్చే ఏడు అడిగినా వయసు దాటిపోతుంది. ఎంపికకి వెళ్లాలంటే కొత్తగా ఒక షరతు పెట్టారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి ఆఖరుదాకా నలభై అయిదు రోజులు 'చెల్లింది' అని యాప్ చెప్పాలి. లేకపోతే మైదానంలోకి రానివ్వరు. జిల్లా మొత్తానికి నిజంగా పరుగెత్తే పిల్ల ఒక్కతే మిగిలింది, ఆ పిల్లని పరుగెత్తదని రాసి పెట్టింది నా చేత్తోనే.

"వెళ్లి రా ఎర్రయ్యమ్మా. నేను చూస్తాను," అన్నాను. ఏం చూస్తానో నాకు తెలియదు.

డిసెంబరు మొదటి తారీఖున మండల ఆఫీసులో సమావేశం. హెడ్మాస్టారు స్కూటరు నడుపుతున్నారు, వెనక ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని నేను. వెనకనుంచి పొలం గట్టు మీంచి చెప్పులు చేత పట్టుకుని నూకరత్నం వచ్చింది. మమ్మల్ని చూడగానే మేం పోయే తూర్పు వైపుకే స్కూటరు పక్కన పరుగు మొదలుపెట్టింది.

"నమస్కారమండి మాస్టారూ. ఎక్కడికెల్తన్నారండి? ఈయేళ సైన్సు పరీచ్చ ఉందాండీ, నేదాండీ?"

నేను ఆ పిల్ల మొహాన్నే చూస్తున్నాను. కాళ్లు కనబడ్డం లేదు, అంత వేగంగా ఆడుతున్నాయి. వెనక తాటిచెట్లు పోతున్నాయి, కరెంటు స్తంభాలు పోతున్నాయి. మొహం మాత్రం నా ఎదురుగా, పీట మీద పెట్టిన చెంబులా, ఉన్నచోటే ఉంది.

"నాయుడు గారూ, వేగం పెంచకండి, తగ్గించకండి," అని అరిచి ట్యాబ్ తీశాను. గుండ్రంలో నూకరత్నం మొహం. ఏడు. ఎనిమిది. తొమ్మిది. పచ్చటి అక్షరాలు వచ్చాయి. చెల్లింది.

నేను వెనకనుంచి కావిలించుకునేసరికి హెడ్మాస్టారు స్కూటరుని తుప్పల్లోకి పోనిచ్చారు. లేచి, దులుపుకుని, సంగతి విన్నాక, "అంటే పిల్ల కదిలినా ఫరవాలేదు, ఫోటో తీసేవాడు కూడా కదలాలన్నమాట," అన్నారు. తర్వాత ఒక నిమిషం ఆలోచించి, "నూటికి నూరు వస్తుందంటారా?" అని అడిగారు. వస్తుందన్నాను. ఆ తర్వాత ఆయన్ని ఒప్పించాల్సిన పని పడలేదు.

మర్నాటినుంచి రోజూ పొద్దున్న మా మైదానంలో ఇదే కార్యక్రమం. ఎండ మొహం మీద పడితేనే యాప్‌కి మొహం కనబడుతుంది కాబట్టి తూర్పుకే పరుగు. హెడ్మాస్టారు స్కూటరు మీద ముందు, నేను వెనక. పక్కనే నూకరత్నం ఇంట్లో మేక ఈనిన కబుర్లు చెబుతూ పరుగెత్తేది. తొమ్మిది సెకండ్లలో యాభై మీటర్లు. మిగతా పిల్లలు తమ తమ భంగిమల్లో బిగుసుకుపోయి, కళ్లు మాత్రం తిప్పి, ఆ పిల్లనే చూసేవాళ్లు. సంక్రాంతి సెలవుల ముందుకి పాతిక 'చెల్లింది'లు పోగయ్యాయి. నేను ఎర్రయ్యమ్మకి కబురంపాను, సంతకం పెట్టక్కర్లేదని.

ఈలోగా గుడ్ల వ్యాను తేడాగా రావడం మొదలైంది.

కొత్త డ్రైవరు. ఫోన్‌లో దారి చూసుకుని బండి నడిపే రకం. డిసెంబరు మొదట్లో బడి దాటిపోయి కిళ్లీకొట్టు దగ్గర ఆగి హారన్ కొట్టాడు. సరే, కొత్త కదా అని గంపలు అక్కడినుంచే మోయించాను. తర్వాత కల్వర్టు దగ్గర ఆగాడు. తర్వాత ఐసు ఫ్యాక్టరీ దగ్గర. ఫిబ్రవరి మొదటివారంలో ఒకరోజు భోజనాల వేళకి ఫోన్ చేశాడు.

"మాస్టారూ, గుడ్లు తెచ్చినాను. బడి నేదండి."

"నువ్వెక్కడున్నావు?"

"బడి ఉన్నకాడే ఉన్నానండి. బడే నేదు. అంతా సరుగుడు తోట. సముద్రం కూడా కనబడతంది."

ఆ మధ్యాహ్నం పిల్లలు గుడ్డు లేకుండా తిన్నారు. సాయంత్రానికి మెమో వచ్చింది.

'మీ పాఠశాల గత ముప్పది ఆరు పనిదినములుగా, దినమునకు యాభై మీటర్ల వంతున తూర్పు దిశగా ప్రయాణించుచున్నట్లు రాష్ట్రస్థాయి పటమునందు గమనించబడినది. పూర్వానుమతి లేకుండా పాఠశాలను తరలించుట తీవ్రమైన నేరము. ఇదే వేగమున సాగినచో మరి నాలుగు దినములలో పాఠశాల సముద్రములో ప్రవేశించగలదు. సముద్రములోని పాఠశాలలు మన శాఖ పరిధిలోనికి రావు కావున జాబితానుండి పేరు తొలగించబడును. తక్షణము సంజాయిషీ ఇవ్వవలెను.'

హెడ్మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. నేను లెక్క వేసుకున్నాను. నూకరత్నానికి ముప్పై ఆరు రోజులు అయ్యాయి. ఇంకా తొమ్మిది కావాలి. సముద్రానికి నాలుగే ఉన్నాయి. బడి పేరు పోతే బడితో పాటు ఆ ముప్పై ఆరూ పోతాయి.

మర్నాడు వేదాచలం గారే స్వయంగా వచ్చారు. వరండాలో నిలబడి తన ట్యాబ్ చూసుకున్నారు.

"పాఠశాల ఎక్కడ?" అన్నారు.

"ఇదే సార్," అన్నారు హెడ్మాస్టారు. "తమరు నిలబడ్డదే."

వేదాచలం గారు స్తంభాన్ని చేత్తో తట్టి చూశారు. "ఈ వరండాపై నాకు ఎట్టి వ్యక్తిగత వ్యతిరేకతా లేదు. కాని రికార్డు ప్రకారం ఇది ఖాళీ స్థలము. పాఠశాల ఇచటికి పద్దెనిమిది వందల మీటర్ల దూరాన ఉన్నది."

"అదెలాగండీ సార్?" అన్నాన్నేను.

ఆయన ఓపికగా వివరించారు. ఫోటో మొదలైన చోటు, ముగిసిన చోటు యాప్ రాసుకుంటుంది. రెండింటికీ యాభై మీటర్లు తేడా ఉంది. పిల్ల కదిలిందా? కదల్లేదు, కదిలితే చెల్లదు కదా. మరి కదిలింది ఏది? పిల్ల తర్వాత యాప్‌కి తెలిసింది బడి ఒక్కటే. కనుక బడి కదిలింది.

"తర్కమునందు లోపము కలదా?" అని అడిగారు.

లేదన్నాం.

"అయితే తమరే దిద్దించండి సార్. తిరిగి ఇక్కడే ఉందని రాసేస్తే సరిపోతుంది," అన్నారు హెడ్మాస్టారు.

"చేతితో దిద్దుటకు అవకాశము లేదు. ఏ విధముగా పోయినదో ఆ విధముగానే రావలెను."

సాక్షిగా పిలిపించిన నూకరత్నం గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నిలబడి ఉందంటే, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ ఉంది.

"బాబుగారూ, ఇటేపు పరిగెడితే అటేపెల్లింది కదండి," అంది. "అటునుంచి ఇటేపు పరిగెడితే ఇటొచ్చీదండి."

వేదాచలం గారు ఆ పిల్లని తలెత్తి చూశారు. మళ్లీ ట్యాబ్ చూశారు. నోటితో ఏదో లెక్కపెట్టుకున్నారు. సర్వీసులో మొదటిసారి కాబోలు, మామూలు తెలుగులో, "అవునే," అన్నారు.

తర్వాత సర్దుకుని కాగితం కలం అడిగారు. ఒక విద్యార్థికి రోజుకి ఒక్క ఫోటోయే. నూకరత్నం ఒక్కతే ముప్పై ఆరు పరుగులు తియ్యడానికి వీల్లేదు. సముద్రానికి మిగిలింది నాలుగు రోజులే. కనుక ఆయన అక్కడికక్కడే ఉత్తర్వు రాసిచ్చారు. 'పాఠశాలను యథాస్థానమునకు చేర్చు నిమిత్తము రేపు సాయంత్రము విద్యార్థులందరూ పడమటి దిశగా పరుగెత్తవలెను.'

నేను ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను. నా పదకొండేళ్ల సర్వీసులో ప్రభుత్వ ఉత్తర్వులో 'పరుగెత్తవలెను' అన్న మాట చూడ్డం అదే మొదలు.

మర్నాడు సాయంత్రం నూట నలభైమందినీ మైదానంలోకి తెచ్చి, ఎనిమిదో తరగతిని, తొమ్మిదో తరగతిని గీత మీద నిలబెట్టాను. ఎండ పడమటినుంచి పిల్లల మొహాల మీద పడుతోంది. హెడ్మాస్టారు స్కూటరు స్టార్టు చేశారు, నేనెక్కి కూర్చున్నాను. వేదాచలం గారు కుర్చీలో కూర్చుని పటం తెరిచారు. మొదట పదిహేడు నిమిషాల చాంపియన్ని పిలిచి ఈల వేశాను.

కుర్రాడు ఒక కాలు ముందుకి పెట్టి, పళ్లు కనబడేట్టు నోరు తెరిచి, ఆగిపోయాడు. వెనక వరసలోవాళ్లంతా కూడా అలాగే ఆగిపోయారు. స్కూటరు మాత్రం వెళ్లిపోయింది.

"పరుగెత్తరా!" అని వెనక్కి తిరిగి అరిచాను.

"పరుగెడతన్నానండీ," అన్నాడు పెదవి కదపకుండా.

ఏడు నెలల్లో నేను వాళ్లకి అంత బాగా నేర్పాను. అప్పుడు నూకరత్నం వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది. "అది కాదురా. ఎనకాల గేదె తరుంకొస్తందనుకో," అని లాగింది. వాడు రెండడుగులు తూలాడు. మూడో అడుగు తనే వేశాడు. తర్వాత చెయ్యి విడిపించుకుని పోయాడు. అలా ఒక్కొక్కళ్ల చెయ్యి పట్టుకుని మొదటి పదడుగులు తనే లాగి వదిలింది. ఇటు పక్క నేను స్కూటరు మీద. ఒకటి, రెండు, పది.

"పాఠశాల ఐసు ఫ్యాక్టరీ వద్దకు వచ్చినది," అని ప్రకటించారు వేదాచలం గారు.

పన్నెండో పరుగులో స్కూటరు క్లచ్ తీగ తెగింది. హెడ్మాస్టారు దిగి దాని చుట్టూ ఒకసారి తిరిగారు. ఊళ్లో మెకానిక్ పెళ్లికి వెళ్లాడు. ఎండ తగ్గుతోంది, మొహాల మీద వెలుగు ఇంకో గంట ఉంటుందేమో. అందరూ నా వైపు చూస్తున్నారు.

నేను ఆటసామాన్ల గదికి వెళ్లి క్యారమ్ బోర్డు ఎత్తి బూట్లు దులిపాను. ఒకదాంట్లోంచి బల్లి వెళ్లింది. తొడుక్కున్నాను. పాదాలు మరిచిపోలేదు, పొట్టే అడ్డం వచ్చింది.

మొదటిసారి నాలుగో సెకనుకే వెనకబడ్డాను. చిత్రం కదిలింది, చెల్లలేదు. రెండోసారి ఏడు. "బేగి రండి మాస్టారూ, గేదె!" అని పక్కనుంచి నూకరత్నం అరిచింది. పిల్లలు పగలబడి నవ్వారు. మూడోసారి తొమ్మిదీ పట్టాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. అంత ఆనందం నాకు ఎన్నేళ్లుగానో లేదు. ఆ మాట ఆ రోజు ఎవరితోనూ అనలేదు, ఊపిరి లేక. రెండు పరుగులకోసారి కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ లేచాను.

"కల్వర్టు దాటినది!" అన్నారు వేదాచలం గారు. కాసేపటికి కుర్చీలోంచి లేచారు. "కిళ్లీకొట్టు! కిళ్లీకొట్టు దగ్గరికొచ్చేసింది! ఇంకొక్క యాభై! పరుగెత్తండర్రా!"

బడి తిరిగి బడి దగ్గరికి వచ్చింది. వచ్చిందని ఈల వేశాను. ఎవరూ ఆగలేదు. ఉత్తర్వు అవసరం తీరిపోయినా, ఫోటో తీసేవాడు నేల మీద చతికిలబడినా, నూట నలభైమందీ మైదానం చుట్టూ దుమ్ము రేపుకుంటూ పరుగెడుతూనే ఉన్నారు. ఆపడానికి నేను లేవలేదు.

తర్వాతి తొమ్మిది రోజులూ ఒకరోజు పొద్దున్న తూర్పుకి, ఒకరోజు సాయంత్రం పడమరకి తీశాం. నేను, నూకరత్నం. నలభై అయిదోది చెల్లిన రోజున ఎర్రయ్యమ్మ పని మానుకుని వచ్చి చూసి, నా చేతిలో జీడిపప్పు పొట్లం పెట్టి వెళ్లిపోయింది. ఎంపికల రోజున మైదానంలో మిగతా జిల్లాల పిల్లలు గీత మీద అందంగా నిలబడ్డారట. నూకరత్నం అవతలి గీతకి పోయి, ఎవరూ రావడం లేదేమిటని వెనక్కి తిరిగి చూసిందట.

మా బడి సంగతి మాత్రం బాగులేదు. ఆ సాయంత్రం తర్వాత పిల్లలు ఒక్క సెకను కూడా నిలబడ్డం లేదు. నూట నలభైమందికీ నేనొక్కణ్ణే పక్కన పరుగెత్తలేను కదా. మార్చిలో మా మార్కు సున్నా. 'మీ పాఠశాలలో కదలిక పూర్తిగా స్తంభించినది' అని మెమో వచ్చింది. షీల్డు వెనక్కి పంపమన్నారు. గుడ్ల వ్యానులో పంపాం. హెడ్మాస్టారు బెంగపెట్టుకుంటారనుకున్నాను. క్లచ్ తీగ వేయించాక కూడా ఆయన సాయంత్రాలు మైదానం చుట్టూ నడవడం మొదలుపెట్టారు. రక్తపోటు తగ్గిందన్నారు.

జులైలో ఒకరోజు ఫోన్ మోగింది. క్రీడా పాఠశాల నుంచి నూకరత్నం.

"మాస్టారూ, ఇక్కడ కూడా కదలిక ఎట్టీసినారండి. అందర్నీ నిలబెట్టీసి పరిగెట్టమంటన్నారు. నాకు సున్నా వొచ్చింది. మీ ఫోటోల సంగతి మా కోచ్ గారికి సెప్పినానండి. మిమ్మల్ని డెప్యుటేషన్ మీద రప్పిస్తారంట. కాయితం బయల్దేరిపోయింది."

"అక్కడికొచ్చి ఏం చేస్తానే? నాయుడు గారి స్కూటరు నాతో రాదు కదా."

"ట్రాకు మీదికి బండి రానివ్వరండి," అంది. "ఏల బండి? మీరు పరిగెడతారు కదా."

కాగితం శనివారం వచ్చింది. ఆదివారం సంచి సర్దుకున్నాను. రెండు జతల బట్టలు, తువ్వాలు, ఈల పెట్టాను. బూట్ల కోసం గదిలో వెతకబోయి ఆగాను. అవి కాళ్లకే ఉన్నాయి.